చెప్పుకొనవలసిన మాట

(మన సంఘ వార్షికోత్సవ సందర్భమున మహిళా విభాగపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ యేటి ప్రసంగమునకు విషయమును మన మహిళా విభాగమువారే నిర్ణయించినారు. కారణము తెలియక కనబడు రక్తస్రావము, అండాశయ క్యాన్సరు, సకాలమున పరీక్ష చేయించుకొనుట అని ఒక కాగితముపై వ్రాసి నా చేతికిచ్చినారు. నేను వైద్యుడను కాను. బి.ఏ. చదివి, సచివాలయమున ఫైళ్ల నడుమ ఇరువది యేండ్లు గడపినవాడను. ఇట్టి విషయమును ఒక పురుషుడు, అందులోను వైద్యశాస్త్రము చదువనివాడు, మాట్లాడుట యేమని కొందరికి తోచవచ్చును. నేను కూడ ఆ మాటయే అడిగినాను. కార్యదర్శినిగారు ఇట్లు సమాధానము చెప్పినారు: "వైద్యురాలు మాట్లాడినచో స్త్రీలు మాత్రమే వచ్చి కూర్చుందురు. ఇంటి వైద్యపు కార్డు ఎవరి జేబులో ఉన్నదో వారు కూడ వినవలెను గదా!" ఆ మాటకు బదులు చెప్పలేకనే ఈ వేదికపై నిలిచినాను.

మందుల పేర్లు నేను చెప్పను. వైద్యుని వద్దకు ఎప్పుడు పోవలెను, పోయిన పిమ్మట ఏమి చెప్పవలెను, ఏ పరీక్ష ఎందులకు పనికివచ్చును, ఏది పనికిరాదు అన్నంతవరకే నా ప్రసంగము.

ముందుగా మన మాటలను గూర్చి ఒక మాట. ముట్టు, బహిష్టు, నెలసరి, బయట చేరుట, దూరముండుట అని మన భాషలో ఈ సంగతికి పేర్లు చాలనే ఉన్నవి. కాని వీనిలో అధికభాగము స్త్రీ ఎక్కడ కూర్చుండవలెనో, ఏమి తాకరాదో తెలుపునవే. శరీరమున ఏమి జరుగుచున్నదో తెలుపునవి తక్కువ. నెల మధ్యలో కనబడిన రక్తమునకు గాని, ముట్లుడిగిన యేండ్లకు మరల కనబడిన రక్తమునకు గాని ఇండ్లలో వాడుకకు వేరు పేరు లేదు. పేరు లేని దానిని చెప్పుకొనుట కష్టము. కావున మన తల్లులు దానికొక పేరు పెట్టుకొన్నారు. "వేడి చేసినది" అందురు. బార్లీ నీరు త్రాగుదురు, సగ్గుబియ్యపు జావ కాచుకొందురు, మజ్జిగ పుచ్చుకొందురు. నాలుగు దినములలో రక్తము ఆగును. ఆగుట చేత వేడి తగ్గినదని నమ్ముదురు. క్యాన్సరు వలన కలుగు రక్తస్రావము కూడ మొదట ఇట్లే వచ్చుచు పోవుచు ఉండునని వారికి తెలియదు.

ఢిల్లీలో ఉన్న మనకు దీనిపై మరియొక చిక్కు కలదు. గోదావరి తీరమునుండియో, పల్నాటినుండియో, కరీంనగరమునుండియో తల్లి వచ్చి కొడుకు క్వార్టరులో ఉండును. ఆమెకు తెలుగు తప్ప వేరు భాష రాదు. ఆసుపత్రిలో వైద్యురాలు హిందీలో అడుగును. ఇద్దరి నడుమ అనువాదకుడెవడు? కొడుకు. మోకాలి నొప్పిని, రక్తపు పోటును కొడుకు చక్కగా అనువదింపగలడు. ఈ సంగతిని మాత్రము తల్లి కొడుకు నోట పలికింపదు. కోడలికి చెప్పుటకు బిడియము, కుమార్తె దూరదేశమున ఉండును. ఊరిలోనైనచో చెరువు గట్టుననో, పెరటి గోడ వద్దనో ఒక తోటి స్త్రీకి చెప్పుకొనెడిది. ఇచ్చట మూడవ అంతస్తులో చెప్పుకొనుటకు మనిషి లేదు.

నాకు తెలిసిన ఒక కుటుంబములో జరిగినది చెప్పెదను. ఆ ఇంటి పెద్దావిడకు 64 యేండ్లు. ముట్లుడిగి పదునైదేండ్లు దాటినది. ప్రతిదినము తెల్లవారక ముందే స్నానము చేసి దీపము పెట్టు మనిషి. ఒక శీతకాలమున నడుమ నడుమ రెండు మూడు దినములు దీపము పెట్టుట మానివేసినది. చలికి మోకాళ్లు పట్టుకొన్నవని ఇంటివారు భావించినారు. పక్క క్వార్టరులోని తెలుగు ఇల్లాలు మాత్రము గమనించినది. "పిన్నిగారూ, ఈ వయసులో పూజగదికి దూరముగా ఉంటిరేమి?" అని మెల్లగా అడిగినది. అప్పుడు ఆ పెద్దావిడ కంట నీరు పెట్టుకొని సంగతి చెప్పినది. నాలుగు నెలలుగా రక్తము కనబడుచున్నది. ఇంటివారికి తెలియకుండ దూరము పాటించుచున్నది. బట్టలు రాత్రి పూట తానే ఉదుకుకొనుచున్నది. మరునాడే ఆ ఇల్లాలు ఆమె వెంట వైద్యురాలి వద్దకు పోయి, పక్కన కూర్చుండి మాట మాటయు హిందీలో చెప్పినది. పరీక్షలలో గర్భాశయపు లోపొరలో క్యాన్సరు ఉన్నట్లు తేలినది. అది గర్భాశయము దాటిపోలేదు. శస్త్రచికిత్స జరిగినది. నేడు ఆ పెద్దావిడ ఆరోగ్యముగా ఉన్నది. పోయిన వేసవిలో ఊరినుండి కాయ తెప్పించి, తానే కూర్చుండి ఆవకాయ పెట్టించినది.

ఇక ఏది సహజము, ఏది కాదు అను సంగతి చూతము. ఋతుస్రావము 24 నుండి 38 దినముల కొకసారి వచ్చి, 8 దినములకు మించక ఉండుట సహజమని స్త్రీ వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించినది. రెండు ఋతువుల నడుమ కనబడు రక్తము, దాంపత్యానంతరము కనబడు రక్తము, గడ్డలు గడ్డలుగా పోయి మనిషిని నీరసింపజేయు రక్తము, ఇవి మూడును చూపించుకొనవలసినవే. అన్నిటికంటె ముఖ్యమైనది నాలుగవది. వరుసగా 12 నెలలు ముట్టు రాకుండుటను ముట్లుడుగుట అందురు. ఆ పిమ్మట కనబడు రక్తము ఒక చుక్కయైనను, ఒక్కసారియైనను, గులాబి రంగు మరకయైనను పరీక్షింపవలసినదే. రెండవసారి వచ్చునేమో చూతమని కాచుకొని ఉండరాదు. రొమ్ము క్యాన్సరునకు టామాక్సిఫెన్ వాడుచున్నవారు మరింత జాగరూకులై ఉండవలెను. ఆ మందు గర్భాశయపు లోపొరను మందముగా పెంచవచ్చును.

ఇట్లన్నంతమాత్రమున రక్తము కనబడిన ప్రతివారికిని క్యాన్సరని భయపడవలదు. ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావముతో వచ్చిన స్త్రీలను లెక్కించి చూడగా, గర్భాశయపు లోపొర క్యాన్సరు ఉన్నవారు నూటికి సుమారు 9 మంది మాత్రమే. తక్కిన 91 మందిలో పెక్కుమందికి పొర పలుచబడుటయో, పాలిప్ అను చిన్న పిలకయో కారణము. వయసులోనివారికి గర్భము, గర్భాశయమునకు వెలుపల నిలిచిన గర్భము, కణితులు, థైరాయిడు, కాపర్-టి, రక్తము పలుచబడుటకు వాడు మందులు మున్నగునవి కారణములు కావచ్చును. ఐతే ఈ లెక్కను తిరుగవేసి చూచినచో మరియొక నిజము తెలియును. ఆ క్యాన్సరు కలిగిన స్త్రీలలో నూటికి సుమారు 90 మందికి ముందుగా రక్తము కనబడినది. అనగా ఆ వ్యాధి చాలవరకు తలుపు తట్టియే వచ్చును. తలుపు తీయుట మన వంతు.

అండాశయ క్యాన్సరు అట్లు కాదు. అండాశయము బాదంపప్పు అంత అవయవము. గర్భాశయమునకు ఇరువైపుల, కటి లోపల దాగి ఉండును. దానిలో పెరుగు గడ్డకు చాలకాలము చోటు దొరకును. నొప్పి తెలియదు. అండాశయ క్యాన్సరులలో మిక్కిలి సామాన్యమైన రకము పెక్కుమందిలో అండవాహిక కొననుండి పుట్టుచున్నదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. అక్కడనుండి కణములు కడుపు లోపల అంతట చల్లబడును. కనుకనే ఎక్కువమంది వ్యాధి ముదిరిన పిమ్మటనే ఆసుపత్రికి వచ్చుచున్నారు. 2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము మన దేశమున ఆ యొక్క యేడు సుమారు 47 వేల మందికి ఈ వ్యాధి క్రొత్తగా కనబడినది, సుమారు 33 వేల మంది మరణించినారు. మన దేశపు స్త్రీలలో రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరుల తరువాతి స్థానము దీనిదే. ఎప్పుడు తెలిసినదన్న దానిపై ఎంత ఆధారపడి ఉన్నదో చూడుడు. అమెరికా దేశపు లెక్కలలో, వ్యాధి అండాశయము దాటకముందే తెలిసినవారిలో 5 యేండ్ల పిమ్మట జీవించియున్నవారు నూటికి 90 మందికి పైగా ఉన్నారు. దూరమునకు ప్రాకిన పిమ్మట తెలిసినవారిలో వారు నూటికి సుమారు 30 మంది మాత్రమే.

రక్తస్రావమునకును అండాశయమునకును సంబంధమేమి? కొందరికి ముట్లుడిగిన పిమ్మట కనబడు రక్తమే అండాశయ వ్యాధికి గురుతు కావచ్చును. గ్రాన్యులోసా కణముల గడ్డ అను ఒక రకము కలదు. అది ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోనును తయారుచేయును. దానివలన గర్భాశయపు లోపొర పెరిగి రక్తము పోవును. మూలము అండాశయము, మరక గర్భాశయపుది. అందువలననే రక్తస్రావమని వచ్చిన స్త్రీకి వైద్యులు గర్భాశయముతో పాటు అండాశయములను కూడ స్కానింగులో చూతురు. ఐనను అండాశయ క్యాన్సరు కలవారిలో అధికసంఖ్యాకులకు రక్తము కనబడదు. వారికి కనబడు గురుతులు వేరు. కడుపు ఉబ్బరము, రెండు ముద్దలు తినగనే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపులోగాని కటిలోగాని నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చుట. ఈ నాలుగును గుర్తుంచుకొనుడు.

ఇవన్నియు అందరికిని అప్పుడప్పుడు కలుగునవే గదా అందురేమో. నిజమే. తేడా యెక్కడనగా, ఇవి క్రొత్తగా మొదలై, విడువక, నెలలో 12 మారులకు పైగా కలుగుచున్నచో, ముఖ్యముగా 50 యేండ్లు దాటిన స్త్రీకి కలుగుచున్నచో, పరీక్ష చేయించవలెనని ఇంగ్లండు దేశపు వైద్య మార్గదర్శకములు చెప్పుచున్నవి. మన ఇండ్లలో దీనికి పెట్టిన పేరు "గ్యాసు". వాము నములుదురు, సోడా త్రాగుదురు, మందుల దుకాణమునుండి మాత్రలు తెప్పించుకొందురు. నా యెరుకలోని మరియొక ఇంటిలో ఒక తల్లి ఎనిమిది నెలలు గ్యాసు మాత్రలతో నెట్టుకొని వచ్చినది. భోజనము తగ్గినది, నడుము మాత్రము పెరిగినది, లంగా బొందు ముడి మునుపటిచోట పడలేదు. మనిషి చిక్కుచుండగా కడుపు పెరుగుట ఎందులకని ఎవరును అడుగలేదు. స్కానింగు చేయునాటికి కడుపులో నీరు చేరియున్నది. ఆమె నేడు లేదు. రక్తము కనబడినప్పుడు "వేడి" అనుటయు, కడుపు ఉబ్బినప్పుడు "గ్యాసు" అనుటయు మన ఇండ్లలో రెండు తాళములు. రెండింటిని తీయవలసి ఉన్నది.

"అట్లైనచో ఏ బాధయు లేకున్నను యేడాది కొకసారి అండాశయ పరీక్ష చేయించుకొందము" అని మీలో కొందరు తలంచుచుండవచ్చును. ఇచ్చట మీరు కొంచెము నిదానముగా వినవలెను. బాధయేమియు లేని సామాన్య స్త్రీలకు అండాశయ క్యాన్సరును ముందుగా పట్టి ప్రాణము కాపాడునని రుజువైన పరీక్ష నేటివరకు లేదు. సి.ఏ.-125 అను రక్తపరీక్షను 1983లో రాబర్ట్ బాస్ట్ ప్రభృతులు లోకమునకు తెలిపినారు. దానిపై ఆశలు పెట్టుకొని ఇంగ్లండు దేశమున 2 లక్షలకు పైగా స్త్రీలతో గొప్ప పరిశోధన నడపినారు. 2001 నుండి 2005 వరకు స్త్రీలను చేర్చుకొని, యేండ్ల తరబడి గమనించి, 2021లో ఫలితము ప్రకటించినారు. పరీక్ష వలన అండాశయ క్యాన్సరు మరణములు తగ్గలేదని తేలినది. అమెరికాలో సుమారు 78 వేల మంది స్త్రీలతో జరిగిన పరిశోధన ఫలితము 2011లో వెలువడినది. అందును మరణములు తగ్గలేదు. పైపెచ్చు, వ్యాధి లేకయే ఉన్నట్లు సూచన వచ్చిన స్త్రీలు 3,285 మంది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగినది, 163 మందికి దానివలన తీవ్రమైన చిక్కులు కలిగినవి. లేని రోగమునకు కడుపు కోయించుకొన్నవారన్నమాట!

దీనికి కారణమేమనగా, సి.ఏ.-125 క్యాన్సరు వలననే పెరుగదు. ఋతు దినములలో పెరుగును, కణితులున్నను పెరుగును, కటిలో చీము పట్టినను పెరుగును. మన దేశమున ముఖ్యముగా ఎరుగవలసినదేమన, కడుపులోని క్షయ వలన కూడ అది మిక్కిలిగా పెరుగును. మరియొక వంక, మొదటి దశలోనున్న క్యాన్సరులలో సుమారు సగమింటియందు అది పెరుగదు. కావున బాధలేని మనిషి పండుగ తగ్గింపు ధరకు ప్యాకేజీ పరీక్ష చేయించుకొని, అంకె బాగున్నదని నిశ్చింతగా ఉండుటయు తగదు. అంకె పెరిగినదని నిద్ర మానుటయు తగదు. బాధ ఉన్న స్త్రీకి వైద్యుడు వ్రాసినప్పుడు మాత్రము అదే పరీక్ష మంచి సాధనము.

బాధ ఉన్నప్పుడు ఏమి చేయుదురు? మొదట వైద్యురాలు సంగతి అడిగి, చేతితో పరీక్షించి, గర్భాశయముఖమును కంటితో చూచును. పిమ్మట యోనిమార్గమున పెట్టు సన్నని సాధనముతో అల్ట్రాసౌండు తీయుదురు. ఈ మాట విని మన స్త్రీలు బెదరుదురు. అది కొద్ది నిమిషముల పని. పైనుండి చూచుటకంటె స్పష్టముగా కనబడును. ముట్లుడిగిన స్త్రీలో లోపొర మందము 4 మిల్లీమీటర్లకు మించనిచో క్యాన్సరు ఉండుట మిక్కిలి అరుదు. మించినచో, లేక రక్తము మరల మరల కనబడుచున్నచో, లోపొరనుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదురు. అండాశయమున గడ్డ కనబడినచో సి.ఏ.-125 చేయించి, అనుమానము బలపడినచో స్త్రీ క్యాన్సరుల శస్త్రచికిత్సలో నిపుణుని వద్దకు పంపుదురు. అండాశయపు గడ్డను పగులనీయక తీయుట ముఖ్యము. కనుక ఆ నిపుణుని చేతనే తొలి శస్త్రచికిత్స చేయించుకొనుట మేలు.

గర్భాశయముఖపు క్యాన్సరుకు మాత్రము బాధ లేనప్పుడే చేయించుకొనదగిన పరీక్ష కలదు. 2016లో కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము 30 మొదలు 65 యేండ్ల వరకు గల స్త్రీలకు 5 యేండ్ల కొకసారి ఈ పరీక్ష జరుగవలెను. దీనికిని అండాశయ పరీక్షకును గల భేదమును మరువకుడు. గర్భాశయముఖము పరిశీలింపబడినంతమాత్రమున అండాశయము సంగతి తేలినట్లు కాదు.

ముందుగా మేల్కొనవలసినవారు మరికొందరు కలరు. ఒకే వంశమున అండాశయ, రొమ్ము క్యాన్సరులు పలువురికి వచ్చినచో అది బి.ఆర్.సి.ఏ. అను జన్యువులలోని లోపము కావచ్చును. వీనిలో మొదటిదానిని 1994లోను, రెండవదానిని 1995లోను గుర్తించినారు. సామాన్య స్త్రీలలో జీవితకాలమున అండాశయ క్యాన్సరు వచ్చునది నూటికి ఒకరికి. మొదటి జన్యువున లోపమున్నవారిలో నూటికి సుమారు 40 మందికి, లేక అంతకు పైగా వచ్చును. రెండవ జన్యువున లోపమున్నవారిలో 13 నుండి 29 మందికి వచ్చును. అట్టివారికి సంతానము కలిగిన పిమ్మట, తగిన వయసున అండాశయములను, అండవాహికలను తీయించుకొనుట రక్షణ. ఈ లోపము తండ్రి వలన కూడ సంక్రమించును. కాబట్టి వైద్యుడు అడిగినప్పుడు పిన్నమ్మల సంగతితో పాటు మేనత్తల సంగతియు చెప్పవలెను. "మేనత్త కడుపులో గడ్డతో పోయినది" అని యే ముసలివారో అన్నమాట, ఆ వంశపు ఆడపడుచుల కొక హెచ్చరిక కావచ్చును.

ఇంతవరకు దాచుట వలన కలుగు కీడు చెప్పితిని. భయము వలన కలుగు కీడు కూడ చెప్పక తప్పదు. ఇది మన తెలుగు నాటనే ఎక్కువ. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో, 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 మంది, తెలంగాణమున 7.7 మంది! దేశమున మొదటి రెండు స్థానములు మనవే. వారు చెప్పిన కారణములలో సగమునకు పైగా అధిక రక్తస్రావమే. "ఉంచినచో క్యాన్సరగును, తీయించివేయుము" అను ఒక్క మాటకు, మాత్రలతో మానదగిన బాధకు కూడ ముప్పది యేండ్లకే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు మన పల్లెలలో ఎందరో. అండాశయములు కూడ తీసివేసినచో చిన్న వయసుననే ముట్లుడిగి, ఎముకలకు, గుండెకు కీడు కలుగును. అండాశయములు ఉంచినచో అండాశయ క్యాన్సరు భయము తీరినట్లు కాదు. అనవసరమైన ఈ శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రము 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని అమలు జరుపుడని 2023లో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల నాదేశించినది. ఊరినుండి "డాక్టరు తీయించుకొమ్మన్నాడు" అని అక్కగాని చెల్లెలుగాని ఫోను చేసినచో, "ఏ పరీక్ష చేసి అన్నాడు? ముక్క పరీక్ష అయినదా? మరియొక వైద్యుడు చూచినాడా?" అని అడుగుట మన బాధ్యత.

వ్యాధి ఉన్నదని తేలినంతమాత్రమున అంతా ముగిసినట్లు కాదు. ఈ సందర్భమున ఒక తెలుగువానిని స్మరింపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు పనిచేయుచు, తన సహచరులతో కలిసి మెథోట్రెక్సేటు అను ఔషధము వెలువడుటకు కారకులైనారు. ఆయన 1948లో కాలధర్మము చెందినారు. గర్భము, విశేషముగా ముత్యాల గర్భము, పోయిన పిమ్మట కొందరు స్త్రీలకు రక్తము ఆగక, కోరియోకార్సినోమా అను క్యాన్సరు పుట్టి ఊపిరితిత్తులకు ప్రాకును. అంతకుముందు ఆ స్థితికి వచ్చినవారు బ్రతుకుట అరుదు. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్జ్ ప్రభృతులు మెథోట్రెక్సేటుతో ఆ వ్యాధి నయమైనదని ప్రకటించినారు. గడ్డ రూపమున పుట్టిన క్యాన్సరు కేవలము ఔషధముతో నయమగుట అదియే మొదలు. ఆ ఔషధము నేటికిని ఆ వ్యాధిలో వాడుచున్నారు. రక్తస్రావముతో ఆసుపత్రికి వచ్చిన ఎందరో యువతులు ఒక తెలుగువాని శ్రమవలన ఇల్లు చేరినారు. ప్రసవమైన పిమ్మటగాని, గర్భము పోయిన పిమ్మటగాని రక్తము వారముల తరబడి ఆగకున్నచో చూపించుకొనవలెనని చెప్పుటకు కారణము కూడ ఇదియే.

ఇక మనము చేయదగిన పని. మనలో అనేకులకు సి.జి.హెచ్.ఎస్. కార్డు కలదు. 1954లో ఈ ఢిల్లీలోనే ఆ పథకము ఆరంభమైనది. మనపై ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు నిబంధనల ప్రకారము దానిలో చేర్చుకొన్నాము. తల్లి పేరు కార్డులో ఉన్నంతమాత్రమున తల్లికి వైద్యము అందినట్లు కాదు. కార్డు చేత పట్టుకొని ఆమె తనంతట తాను గడప దాటలేదు. కావున నాలుగు సంగతులు మనవి చేయుచున్నాను.

మొదటిది: ప్రతి ఇంటిలోను ఒక చిన్న పుస్తకమున, రక్తము కనబడిన తేదీ, ఎన్ని దినములున్నది, ఎంత పోయినది, కడుపు ఉబ్బిన దినములు ఎన్ని అని వ్రాసి పెట్టుకొనవలెను. ఫైలులో తేదీ లేని కాగితము ఎంత పనికివచ్చునో, వైద్యునివద్ద తేదీ లేని బాధయు అంతే పనికివచ్చును.

రెండవది: వైద్యునివద్ద "వేడి", "గ్యాసు" అను మాటలు వదలి, "ముట్లుడిగి ఇన్ని యేండ్లయినది, మొన్న మరల రక్తము కనబడినది" అని సూటిగా చెప్పవలెను. ఆ ఒక్క వాక్యము విన్న పిమ్మట ఏ వైద్యుడును తేలికగా తీసికొనడు. తీసికొన్నచో మరియొకరికి చూపుడు.

మూడవది: పురుషులకు. మీ తల్లి మీకు చెప్పదు. కనుక మీ భార్యచేతనో, అక్కచెల్లెండ్రచేతనో ఆరు నెలల కొకసారి అడిగింపుడు. వెంట పోవుటకు ఒక్కపూట సెలవు పెట్టుడు. గది లోపలికి ఎవరు వెళ్లవలెనో ఆమెను అడుగుడు. వైద్యురాలి గది వెలుపల బల్లపై కూర్చుండుట కూడ సేవయే.

నాలుగవది మన సంఘమునకు. హిందీయు తెలుగును చక్కగా వచ్చి, అవసరమైనప్పుడు ఒక పెద్దావిడ వెంట ఆసుపత్రికి వెళ్లుటకు సమ్మతించు సోదరీమణుల పేర్లు, వారి కాలనీలు, వీలైన దినములు ఒక పట్టికగా మహిళా విభాగము వద్ద ఉండవలెనని నా ప్రతిపాదన. దీనికి చందా అక్కరలేదు. అక్కడ విన్న మాట అక్కడనే ఉంచుకొను గుణము ఉన్నచో చాలును. ఉగాదికి కవిసమ్మేళనము, సంక్రాంతికి ముగ్గుల పోటీ మనము శ్రద్ధగా జరుపుకొనుచున్నాము. భాష పేరిట ఏర్పడిన సంఘము, భాష రాని చోట మాట పెగలక కూర్చున్న ఒక తల్లికి నోరైనచో, అంతకు మించిన భాషాసేవ ఏమున్నది?

సభ ముగిసిన పిమ్మట ఆ పట్టిక కాగితము ద్వారమువద్ద బల్లపై ఉండునని కార్యదర్శినిగారు తెలిపినారు.